వదులుకొన్నందువల్ల దక్కిన సంగీతం

రెండింటిని కలపడమంటే మన పెద్దలకు మొదటినుంచీ కొంత అనుమానమే. రెండు పడవలమీద కాళ్లు పెట్టినవాని గతి ఏమవుతుందో వారికి తెలుసును. రెంటికీ చెడిన రేవడి అనే మాట తెలుగింటి పిల్లవాని చెవిని ఓనమాలకంటె ముందే పడుతుంది. అయితే కావ్యరచనలో మాత్రం మనవారు ఇంత భయపడలేదు. పద్యాన్ని, గద్యాన్ని కలిపి చంపువు అన్నారు. నన్నయభట్టు మొదలుకొని మన కావ్యకర్తలలో అధికసంఖ్యాకులు ఆ దారినే నడిచినారు. చంపువులో పద్యం చేయవలసిన పనికి గద్యం చేయి చాపదు. గద్యం నడిపించవలసిన చోట పద్యం అడ్డు రాదు. ఏది ఎక్కడ ఆగవలెనో తెలియడమే అక్కడి నేర్పు.

పాతికేళ్లకు పైగా తరగతిలో ఈ మాటలు చెప్పుతూ వచ్చిన నేను, సంగీతం దగ్గరకు వచ్చేసరికి మాత్రం పెద్దల అనుమానాన్నే పట్టుకొని కూర్చున్నాను. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న పూర్వవిద్యార్థి ఒకడు కొన్నేళ్ల క్రిందట సెలవులకు వచ్చినప్పుడు నా చేతిలో ఒక డిస్కు పెట్టినాడు. “మాస్టారూ, ఇది ఒక రాక్ బృందం వారు చేసిన ఆల్బమ్. ఇందులో రాక్ మాత్రం ఎక్కడా వినిపించదు. తీరిక చేసుకొని వినండి” అన్నాడు. “పప్పు లేని పప్పుచారు అన్నమాట!” అని నేను నవ్వినాను. అతడూ నవ్వినాడు గాని, ఆ నవ్వులో కొంచెం నొచ్చుకోలు ఉన్నదని నాకు తర్వాత తోచినది. డిస్కు పుస్తకాల బీరువాలో నిఘంటువుల వెనుకకు పోయి చేరినది. అది మళ్లీ ఎట్లు బయటికి వచ్చినదో చివర చెప్పుతాను. ముందు ఆ సంగీతం ఎక్కడిదో, ఎవరిదో పాఠకులకు చెప్పవలసి ఉన్నది.

ఆ ఆల్బమ్ పేరు “మ్యూజిక్ ఫర్ ఎగాన్ షీలె”. అంటే ఎగాన్ షీలె కొరకు కూర్చిన సంగీతం. చేసినవారు “రేచెల్స్” అనే వాద్యబృందం. వెలువడినది 1996లో. ఆ బృందం పుట్టిన ఊరు అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో ఒహాయో నది ఒడ్డున ఉన్న లూయివిల్ నగరం.

లూయివిల్ అనగానే చాలమందికి గుర్రపు పందేలు గుర్తుకు వస్తాయి. కాని సంగీత చరిత్రలో ఆ ఊరికి మరొక పేరు కలదు. అక్కడి ఆర్కెస్ట్రా 1937లో రాబర్ట్ విట్నీ నాయకత్వంలో మొదలైనది. పదేళ్లు గడిచేసరికి దానికి డబ్బు చాలని స్థితి వచ్చినది. 1948లో ఆ నగరానికి మేయరుగా ఉన్న చార్లెస్ ఫార్న్స్లీ అనే ఆయన ఒక విచిత్రమైన ఉపాయం చెప్పినాడు. పేరుమోసిన ఏక వాద్య విద్వాంసులను పెద్ద పారితోషికాలిచ్చి పిలిపించడం మానివేసి, ఆ సొమ్ముతో జీవించి ఉన్న స్వరకర్తలచేత కొత్త రచనలు చేయించండి అన్నాడు. వారు అట్లే చేసినారు. 1953లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఆ ప్రయత్నానికి 4 లక్షల డాలర్ల విరాళం ఇచ్చినది. న్యూయార్కు, బోస్టన్ వంటి మహానగరాలు పాత రచనలను మెరుగుపెట్టి వినిపిస్తుండగా, ఈ మధ్యతరగతి నగరం కొత్త రచనలు చేయించి, వాయించి, రికార్డులుగా లోకానికి పంపినది. లేమిలో ఆడంబరాన్ని వదులుకొన్నందువల్ల వారికి కొత్తదనం దక్కినది. ఈ మాటను పాఠకులు కొంచెం గుర్తుంచుకొనవలెను. రేచెల్స్ బృందానికి ఆ ఆర్కెస్ట్రాయే గురువని నేను అనడంలేదు. ఒక ఊరి గాలిలో ఒక గుణం ఉంటుందని మాత్రమే అంటున్నాను.

అదే ఊరిలో 1980ల చివర, 1990ల మొదట కొందరు యువకులు గిటార్లు, డ్రమ్ములు పట్టుకొని మరొక రకపు సంగీతం చేయడం మొదలుపెట్టినారు. వారిలో “స్లింట్” అనే బృందం 1991లో “స్పైడర్‌లాండ్” అనే ఆల్బమ్ వెలువరించినది. అందులో పాట పాడుటకంటె మాట చెప్పుకొనడం ఎక్కువ. గిటారు గుసగుసలాడినంత మెల్లగా చాలసేపు నడిచి, ఒక్కసారి ఉరిమి, మళ్లీ నిశ్శబ్దంలోకి పోతుంది. విడుదలైన నాడు దానిని కొన్నవారు కొద్దిమందే. తరువాతి వారు మాత్రం దానిని ఒక మార్గానికి ఆదిగ్రంథం వలె చూచుకొన్నారు.

ఆ మార్గానికి పేరు పెట్టినవాడు ఆంగ్ల విమర్శకుడు సైమన్ రెనాల్డ్స్. 1994లో బ్రిటిష్ పత్రికలలో వ్రాసిన వ్యాసాలలో ఆయన “పోస్ట్ రాక్” అనే మాటను ప్రచారంలోకి తెచ్చినాడు. ఆయన భావాన్ని మన మాటలలో చెప్పుకొంటే ఇది: రాక్ సంగీతపు వాద్యాలను రాక్ కాని ప్రయోజనాలకు వాడుట. గిటారు అక్కడ వీరావేశానికి సాధనం కాదు. నాదపు రంగును, నేతను, పలుచదనాన్ని, చిక్కదనాన్ని చూపడానికి సాధనం. గాయకుడు నాయకుడుగా ముందు నిలిచే పద్ధతి సడలినది. చరణం, పల్లవి అనే కట్టుబాటు వీడినది. ఒక చిన్న స్వరపంక్తిని మళ్లీ మళ్లీ వాయిస్తూ, ఆ పునరుక్తిలోనే మెల్లగా వెలుగునీడలు మార్చుట ప్రధానమైనది. ఈ పేరును ఆ వాద్యకారులలో అనేకులు ఇష్టపడలేదు. పేరు ఎప్పుడూ అంతే. పెట్టించుకొన్నవానికంటె పిలిచేవానికి ఎక్కువ అవసరం.

లూయివిల్‌లోనే “రోడన్” అనే బృందంలో గిటారు వాయించినవాడు జేసన్ నోబుల్. రోడన్ వారి ఒకే ఒక పూర్తి ఆల్బమ్ “రస్టీ” 1994లో వచ్చినది. అది చెవులు గింగురుమనిపించే సంగీతం. అటువంటి బృందంలో ఉంటూనే నోబుల్ మనస్సు మరొకవైపు లాగినది. సంగీత విద్యాలయంలో శిక్షణ పొందిన వయోలా వాద్యకారుడు క్రిస్టియన్ ఫ్రెడరిక్సన్, పియానో విద్వాంసురాలు, స్వరకర్త అయిన రేచెల్ గ్రైమ్స్ అతనికి తోడైనారు. బృందం పేరు ఆమెను చూసి పెట్టినది కాదు. ఆమె రాకముందే ఆ పేరు నోబుల్ దగ్గర ఉన్నది. ఇట్టి యాదృచ్ఛికాలు కథలో వ్రాస్తే మనం నమ్మము. 1995లో వెలువడిన వారి తొలి ఆల్బమ్ “హాండ్‌రైటింగ్”లో పియానో, తీగవాద్యాలతో పాటు గిటారు, తాళవాద్యాలు కూడ ఉన్నవి. అందులో ఒక రచనకు ఛాయాచిత్ర కళకు ఆద్యులలో ఒకడైన డాగేర్ పేరు పెట్టినారు. చూపుకు సంబంధించిన కళలమీద వారికి మొదటినుంచీ మక్కువ ఉన్నదనడానికి అదొక సాక్ష్యం.

ఆ 1995లోనే షికాగో నగరంలో స్టీఫన్ మజురెక్ అనే రంగస్థల దర్శకుడు ఆస్ట్రియా చిత్రకారుడు ఎగాన్ షీలె జీవితాన్ని నాట్యనాటకంగా ప్రదర్శించినాడు. దానికి సంగీతం కూర్చే పని రేచెల్ గ్రైమ్స్‌కు వచ్చినది. ఆ సంగీతమే మరుసటి సంవత్సరం రేచెల్స్ వారి రెండవ ఆల్బమ్‌గా, షికాగోలోని “టచ్ అండ్ గో” సంస్థకు శాఖ అయిన “క్వార్టర్‌స్టిక్” ద్వారా వెలువడినది. ఆ సంస్థ నాటికి పేరుపొందినది ఎక్కువగా గర్జించే గిటార్ల బృందాల వలననే. అట్టి సంస్థ ముద్రతో వచ్చిన ఈ డిస్కులో వాద్యాలు మూడే మూడు: గ్రైమ్స్ పియానో, ఫ్రెడరిక్సన్ వయోలా, వెండీ డోయిల్ అనే ఆమె చెల్లో. గిటారు లేదు. డ్రమ్ము లేదు. గొంతు లేదు. బృంద స్థాపకుడైన నోబుల్ వాద్యం కూడ లేదు.

ఛేంబర్ సంగీతమంటే ఏమిటో ఒక మాట చెప్పవలెను. పెద్ద సభామందిరంలో వందమంది వాయించే సంగీతానికి భిన్నంగా, ఒక గదిలో కొద్దిమంది ఒకరినొకరు చూచుకొంటూ, నడిపేవాడు లేకుండ వాయించుకొనే సంగీతం అది. ఒక్కొక్క స్వరపంక్తికి ఒక్కొక్కరే ఉంటారు; తప్పు చేస్తే దాగడానికి పక్కవాడు ఉండడు. జర్మను మహాకవి గేటే 1829లో మిత్రునికి వ్రాసిన లేఖలో నాలుగు తీగవాద్యాల గోష్ఠిని నలుగురు బుద్ధిమంతుల సంభాషణతో పోల్చినాడు. ఆ పోలిక పాశ్చాత్యులకు శిరోధార్యమైనది. ఒకరు ప్రతిపాదిస్తారు, ఒకరు ఆక్షేపిస్తారు, ఒకరు సమన్వయిస్తారు. మన శాస్త్రచర్చ వంటిదే అనుకొనవచ్చును.

సాధారణంగా పియానోతో కూడిన త్రయంలో తక్కిన రెండు వాద్యాలు వయొలిన్, చెల్లో. ఇక్కడ వయొలిన్ స్థానంలో వయోలా వచ్చినది. ఈ చిన్న మార్పు చాల పని చేసినది. మన ఫిడేలును పోలినదే వయోలా. కొంచెం పెద్దది, శ్రుతి పంచమాంతరం క్రిందికి ఉంటుంది. చెల్లో తీగలు సరిగా ఆ వయోలా తీగల శ్రుతికే ఒక స్థాయి క్రింద కట్టినవి. అందుచేత ఆ రెండూ ఒకే ఇంటి స్త్రీ పురుషుల గొంతుల వలె ఉంటాయి. వయొలిన్ అయితే పైకి లేచి మెరిసేది, తానే కథానాయిక అయ్యేది. వయోలాకు ఆ మెరుపు లేదు. దాని గొంతులో కొంచెం పొగమంచు ఉన్నది. మిరుమిట్లు వద్దనుకొన్న రచనకు అదే తగిన గొంతు.

ఇక ఆ చిత్రకారుని సంగతి. ఎగాన్ షీలె 1890 జూన్ 12న వియన్నా సమీపంలోని టుల్న్ పట్టణంలో జన్మించినాడు. తండ్రి రైల్వే స్టేషను మాస్టరు. రైలుస్టేషనులోనే పెరిగిన పిల్లవాడు కనుక మొదట గీసిన బొమ్మలు రైళ్లవే. అతనికి పదునాలుగేళ్లు నిండిన కొద్ది నెలలకే తండ్రి సిఫిలిస్ వ్యాధితో చిత్తచాంచల్యం పొంది మరణించినాడు. చెల్లెలు గెర్టీ అతని బొమ్మలకు తొలి నమూనా. 1906లో వియన్నా లలితకళా అకాడమీలో చేరి, అక్కడి కట్టుబాట్లకు విసిగి 1909లో బయటికి వచ్చినాడు. ఈలోగా ఆనాటి చిత్రకారులలో అగ్రగణ్యుడైన గుస్టాఫ్ క్లిమ్ట్ ఆ కుర్రవానిని గుర్తించి చేరదీసినాడు.

క్లిమ్ట్ చిత్రాలు చూచినవారికి తెలుసును: అక్కడ బంగారు రేకు, రత్నకంబళం వంటి అలంకారం, మనిషిని మింగివేసే శోభ. షీలె మొదట గురువును అనుకరించినాడు. తరువాత 1910 ప్రాంతంలో ఆ బంగారాన్నంతా వదిలిపెట్టినాడు. నేపథ్యాన్ని ఖాళీగా ఉంచినాడు. తెల్లకాగితం మధ్య ఒంటరిగా, విరిగిన కొమ్మ వంటి చేతులతో, ఎముకలు తెలిసే దేహంతో ఒక మనిషి. కుర్చీమీద కూర్చున్నట్లు ఉంటాడు, కుర్చీ ఉండదు. ఆ మనిషి చాల సారులు తానే. ఆత్మచిత్రాలు అన్ని వేసిన చిత్రకారులు అరుదు. ఆ ఆత్మచిత్రాలలో ఆత్మస్తుతి కానరాదు; అద్దం ముందు నిలిచి తన్ను తాను నిలదీసిన వాని చూపు కనబడుతుంది.

1911లో వాలీ నోయ్‌జిల్ అనే పదునేడేళ్ల యువతి అతని జీవితంలోకి, చిత్రాలలోకి వచ్చినది. 1912లో నోయ్‌లెంగ్‌బాక్ అనే పల్లెలో అతన్ని అరెస్టు చేసినారు. పెద్ద నేరారోపణ నిలువలేదు గాని, పిల్లల కంటబడేచోట అసభ్య చిత్రాలు ఉంచినాడన్న నేరం నిలిచినది. మొత్తం 24 రోజులు నిర్బంధంలో ఉన్నాడు. న్యాయాధిపతి అతని చిత్రాన్ని ఒకదానిని అందరి ఎదుట దీపజ్వాలకు పట్టి కాల్చివేసినాడని చెప్పుతారు. ఆ చిత్రాలను గురించి, ఆ నమూనాల వయస్సును గురించి నేటి పాఠకునికి కలిగే సంకోచం న్యాయమైనదే. దానిని దాచి అతన్ని అమాయకునిగా చేయబూనడం మంచిది కాదు. కష్టకాలంలో వాలీ అతని వెంట నిలిచినది. అయినను 1915లో అతడు వివాహం చేసుకొన్నది ఎదురింటి గృహస్థుని కుమార్తె ఎడిత్ హార్మ్స్‌ను. పెండ్లి తరువాత కూడ ఏడాదికి ఒకసారి తనతో కొంతకాలం గడపమని వాలీని కోరినాడట. ఆమె ఒప్పుకొనక వెళ్లిపోయినది. యుద్ధంలో నర్సుగా పనిచేస్తూ 1917 డిసెంబరులో డల్మేషియాలో స్కార్లెట్ జ్వరం సోకి మరణించినది. ఆ ఎడబాటు కాలాన షీలె వేసిన పెద్ద చిత్రం “మృత్యువు, కన్య”. వియన్నాలోనే 1824లో షూబర్ట్ రచించిన చతుర్వాద్య గోష్ఠికి కూడ అదే పేరు. ఆ నగరంలో ఛేంబర్ సంగీతమూ, మృత్యువూ పాత ఇరుగుపొరుగులు.

1918 ఫిబ్రవరిలో క్లిమ్ట్ మరణించినాడు. మార్చిలో వియన్నాలో జరిగిన ప్రదర్శనలో ప్రధాన మందిరం షీలెది. చిత్రాలు అమ్ముడుపోయినవి, గురువు స్థానం శిష్యునికి వచ్చినది. అక్టోబరులో స్పానిష్ ఇన్‌ఫ్లుయెంజా వచ్చినది. ఆరు మాసముల గర్భవతి అయిన ఎడిత్ 28వ తేదీన మరణించినది. మరణశయ్యపై ఉన్న ఆమె ముఖాన్ని అతడు కాగితంమీద గీసినాడు. మూడు రోజులకు, 31న, తానూ మరణించినాడు. వయస్సు 28 సంవత్సరాలు.

ఈ జీవితాన్ని ఆల్బమ్‌లోని రచనల పేర్లే వరుసగా చెప్పుతాయి. మొదటిది “కుటుంబ చిత్రం”. తరువాత “ఎగాన్, గెర్టీ”. ఆపైన మూడు చోట్ల విడివిడిగా వచ్చే “ఆత్మచిత్ర పరంపర”లు. మధ్యలో మిత్రుడైన మూకాభినేత ఓసెన్ పేర ఒకటి, చిత్రశాలలో వాలీతో గడిపిన దినాలకు ఒకటి, ఎడిత్‌కు ఒకటి. చివరి రెండు: “ఎగాన్, వాలీ కౌగిలించుకొని వీడ్కోలు చెప్పుకొనుట”, “రెండవ కుటుంబ చిత్రం”.

సంగీతం ఎట్లున్నది? పియానో ఒక చిన్న స్వరగుచ్ఛాన్ని ఎత్తుకొంటుంది. దానిని తొందరపడి పెంచదు. మళ్లీ అంటుంది, మళ్లీ అంటుంది. ఆ ఆవృత్తిమీద వయోలా ఒక దీర్ఘస్వరాన్ని గీత గీసినట్లు లాగుతుంది. చెల్లో కొంతసేపు ఊరకుండి, తరువాత ఆ గీతకు నీడ వేసినట్లు క్రిందినుంచి కలుస్తుంది. గేటే చెప్పిన బుద్ధిమంతుల సంభాషణ ఇక్కడ జరగదు. వాదం లేదు, ప్రతివాదం లేదు. ఒకే గదిలో ముగ్గురు కూర్చుని ఉన్నారు. ముగ్గురికీ తెలిసిన సంగతి ఒకటి ఉన్నది. దానిని ఎవరూ పైకి అనడంలేదు. చావు జరిగిన ఇంట దగ్గరివారు కూర్చునే తీరు అది.

ఇందులో శాస్త్రీయం ఏది, పోస్ట్ రాక్ ఏది అని విడదీయబోతే మొదట నాకు కష్టమైనది. వాద్యాలు, వాయింపు, కూర్పు అంతా ఛేంబర్ సంగీతమే. మరి రాక్ బృందం ఏమిచ్చినది? ఒకే స్వరపంక్తి దగ్గర నిలబడే ఓర్పును ఇచ్చినది. విద్వత్తు చూపనక్కరలేదనే ధైర్యాన్ని ఇచ్చినది. విడివిడి రచనలను ఒకే ఆల్బమ్‌గా, మొదటినుంచి చివరివరకు ఒక ప్రయాణంగా వినే అలవాటును ఇచ్చినది. తన గిటారును, డ్రమ్మును, గొంతును, వేగాన్ని తానే గడప బయట విడిచి లోపలికి వచ్చినది. అటు ఛేంబర్ సంగీతమూ కొంత విడిచిపెట్టినది: మెరుపువేగపు స్వరాలను, ఒక భావాన్ని ముక్కలుచేసి శాఖోపశాఖలుగా పెంచే తర్కాన్ని, తన మేధస్సుపై తనకుండే గర్వాన్ని.

రాక్, సింఫొనీ కలిపిన ప్రయత్నాలు ఇంతకు పూర్వం లేకపోలేదు. 1969లోనే లండనులో డీప్ పర్పుల్ బృందం పెద్ద ఆర్కెస్ట్రాతో కలిసి ఒక కాన్చెర్టో వాయించినది. అటువంటి వాటిలో సాధారణంగా ఉభయపక్షాలూ తమ ఆభరణాలన్నీ పెట్టుకొని వస్తాయి. ఒకరి నగలు ఒకరికి గుచ్చుకొంటాయి. ఇక్కడ ఇద్దరూ నగలు తీసిపెట్టి వచ్చినారు. చిత్రకారుడూ అదే చేసినాడు గదా! క్లిమ్ట్ బంగారాన్ని వదిలిపెట్టినందువల్లనే షీలె గీత అతనికి దక్కినది. తెల్లకాగితాన్ని తెల్లగా ఉంచగలిగినందువల్లనే ఆ చేతివ్రేళ్లు అంతగా మాటాడినవి. ఆ రేఖకు తగిన సంగీతం కూర్చదలచిన గ్రైమ్స్ ఆ ఖాళీని కూడ స్వరపరచవలసి వచ్చినది. ఆ పనికి మూడు వాద్యాలు చాలినవి. నాలుగవది ఉంటే ఎక్కువయ్యేది.

ఆక్షేపణలు లేకపోలేదు. సంగీతంలో ప్రవేశం ఉన్న నా సహాధ్యాపకుడు ఒకరు ఈ డిస్కును విని, “బాగున్నది, కాని ఎక్కడికీ పోదు” అన్నారు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో రుచి కలిగినవారు ఆశించే వికాసం, అంటే ఒక చిన్న బీజం వృక్షమయ్యే క్రమం, ఇందులో తక్కువే. మరొక ఆక్షేపణ నాదే. ఇది నాటకం కొరకు కూర్చినది కనుక కొన్ని చిన్న రచనలు తెర మార్చే వ్యవధిని నింపినట్లు ఉన్నవి. రంగస్థలంమీద నర్తకుల దేహాలు కదులుతూ ఉంటే అవి నిండుగా ఉండేవేమో. ఒంటరిగా వింటే కొంత పలచబడినవి. చివరి రచన మీద మాత్రం నాకు ఈ ఆక్షేపణ లేదు. ఎక్కడికీ పోదు అన్న మాటకు కూడ నాకొక సమాధానం ఉన్నది. చిత్తరువు ఎక్కడికి పోవలెను? మనిషి ముఖం ముందు మనం నిలబడతాము. పోవడం మన పని, అది ఉండిపోతుంది. వ్యంగ్యార్థమే కావ్యానికి ఆత్మ అని మన ఆనందవర్ధనుడు చెప్పినాడు. పైకి చెప్పినదానికంటె చెప్పక మిగిల్చినది ఎక్కువ పలకవలెనని ఆయన మతం. ఆ తూనికరాయితో తూచితే ఈ మూడు వాద్యాల రచన తేలిపోదు.

ఇక నా బీరువాలో ఉండిపోయిన డిస్కు సంగతి. 2021 వేసవిలో కరోనా రెండవ విజృంభణలో మా శాఖలోని యువ అధ్యాపకుడు ఒకడు పోయినాడు. నాకంటె పదునెనిమిదేళ్లు చిన్నవాడు. పది రోజుల క్రితం వరకు ఫోనులో చందస్సు పాఠ్యక్రమం గురించి నాతో వాదించినవాడు. కొన్నాళ్లకు కళాశాల వారు సంతాపసభ పెట్టినారు. అందరూ తమ తమ ఇళ్లలోనే కూర్చుని తెరమీద కనబడే సభ. మాట్లాడవలసినవాడను నేను. మాటలే జీవనోపాధిగా బ్రతికినవాణ్ణి. ఎన్నో సంతాపసభలలో శ్లోకాలు చదివినవాణ్ణి. ఆ రోజు అతని భార్య, ఒడిలో పసిపాప, తెర మూలన చిన్న చతురస్రంలో కనబడుతున్నారు. నోరు తెరిచినాను, మూడు వాక్యాలు చెప్పి ఆగిపోయినాను. నేను చెప్పబోయిన ప్రతి మాటా అలంకారమని నాకే తోచినది. ఆనాడు బంగారు రేకు పనికి రాలేదు.

ఆ రాత్రి నిద్రపట్టక ఏదో నిఘంటువు కొరకు చేయి చాపితే వెనుకనున్న డిస్కు చేతికి తగిలినది. అట్టమీద షీలె పేరు చూసి, అతడు ఎట్లు మరణించినాడో తెలిసినవాణ్ణి కనుక, పెట్టి విన్నాను. చివరకు “రెండవ కుటుంబ చిత్రం” వచ్చినది. 1918లో షీలె “కుటుంబం” అనే చిత్రం వేసినాడు. నగ్నంగా కూర్చున్న పురుషుడు, అతని ముందు స్త్రీ, ఆమె కాళ్ల మధ్య ఒక బిడ్డ. పురుషుని ముఖం షీలెదే. స్త్రీ ముఖం ఎడిత్‌ది కాదని పండితులు అంటారు. ఆ బిడ్డ లోకంలోకి రానేలేదు. చిత్రం పూర్తికాకుండ నిలిచిపోయినది. ఆ కుటుంబం ఒక్కనాడైనను ఉండలేదు. చిత్రంలో మాత్రమే ఉన్నది. ఇవన్నీ మనస్సులో పెట్టుకొని వింటూ ఉంటే, ఆ సంగీతం నన్ను ఓదార్చలేదు. ఓదార్చబోలేదు కూడ. అది నా ప్రక్కన కూర్చున్నది. ఉదయం ఆ సభలో నేను చేయవలసి ఉండి చేయలేకపోయిన పని ఏమిటో అప్పుడు తెలిసినది. మూడు వాక్యాల వద్ద ఆగిపోయినందుకు పడిన సిగ్గు కొంత తగ్గినది.

మరునాడు అమెరికాలోని విద్యార్థికి ఫోను చేసి, “నీ పప్పుచారు విన్నానయ్యా” అన్నాను. అతడు వెంటనే గుర్తుపట్టలేదు. గుర్తుపట్టిన తరువాత చాలసేపు మాట్లాడలేదు.

రేచెల్స్ వారు 1996లోనే “ద సీ అండ్ ద బెల్స్” అనే మరొక ఆల్బమ్ వెలువరించినారు. ఆ పేరు చిలీ మహాకవి పాబ్లో నెరూడా మరణానంతరం ప్రకటితమైన కావ్యసంపుటిది. అందులో వాద్యాలు ఎక్కువ. సముద్రపు చప్పుళ్లు, గంటలు, చీకటి కూడ ఎక్కువ. 1999లో “సెలినాగ్రఫీ”, 2003లో న్యూయార్కు నాటకబృందం ఒకదానితో కలిసి చేసిన “సిస్టమ్స్ స్లాష్ లేయర్స్” వచ్చినవి. 2012 ఆగస్టులో జేసన్ నోబుల్ అరుదైన కాన్సర్ వ్యాధితో మరణించినాడు. అతడు లేకుండ ఆ బృందం సాగలేదు. రేచెల్ గ్రైమ్స్ స్వరకర్తగా తన దారిన రచనలు చేస్తున్నది.

నోబుల్ వాద్యం వినిపించని ఈ ఆల్బమ్‌ను నేను అతని ఆల్బమ్ అని కూడ అనుకొంటాను. తాను స్థాపించిన బృందం పేర వచ్చే సంగీతంలో తన గిటారు అక్కరలేదని తెలుసుకొని ప్రక్కకు నిలబడినవాడు కూడ కళాకారుడే. చంపూకావ్యంలో గద్యం ఆగిన చోట పద్యం లేస్తుంది; ఆ ఆగడం కూడ కవి చేసిన పనే గదా. ఈ సంవత్సరం ఆ పాఠం చెప్పేటప్పుడు విద్యార్థులకు ఈ మూడు వాద్యాల మాట కూడ చెప్పినాను. వెనుక బల్లమీది కుర్రవాడు ఒకడు లేచి, “మాస్టారూ, వినిపిస్తారా?” అని అడిగినాడు. వచ్చే సోమవారం డిస్కు తరగతికి తీసుకొనిపోవలెను.